కారణం చెప్పే బాధ్యత: ఆస్ట్రేలియాలో వీసా అప్పీళ్ల చరిత్ర (1901–2024)

వ్యాససంగ్రహం

వీసా తిరస్కరణను గానీ రద్దును గానీ స్వతంత్ర ట్రిబ్యునల్ ఎదుట ప్రశ్నించే అవకాశం ఆస్ట్రేలియాలో 1989 తర్వాతనే చట్టబద్ధమైన వ్యవస్థగా స్థిరపడింది. అంతకు ముందు ఎనిమిది దశాబ్దాలకు పైగా ప్రవేశ నిరాకరణ అధికారి ఇష్టానికీ మంత్రి విచక్షణకూ లోబడి ఉండేది. 1901 నాటి శ్రుతలేఖన పరీక్ష మొదలుకొని 2024లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ వరకు ఈ పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నిర్ణయానికి కారణాన్ని రాతపూర్వకంగా చెప్పవలసిన బాధ్యత అధికారిపై పడిన తర్వాతనే అప్పీలు హక్కుకు అర్థం ఏర్పడిందని ప్రతిపాదిస్తుంది. ఆ హక్కు విస్తరించిన ప్రతి సందర్భంలోనూ రాజ్యం మరొక మార్గాన్ని ఇరుకు చేసిందని నిరూపించడానికి ప్రయత్నిస్తుంది.

కీలకపదాలు: వీసా, పునస్సమీక్ష, న్యాయసమీక్ష, సహజ న్యాయసూత్రాలు, శ్రుతలేఖన పరీక్ష, ట్రిబ్యునల్, వలస చట్టం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి విదేశీయానంపై తెలుగులో వెలువడిన రచనల్లో యాత్రాచరిత్రలు, డయాస్పోరా కథలు, ప్రవాస జీవితానుభవాలు అధికం. అవతలి దేశపు గుమ్మం దగ్గర ఏ చట్టం నిలబడి ఉన్నది, ఆ చట్టం ఎలా పుట్టింది అనే అంశాలపై పరిశీలన తక్కువ. ఉభయ తెలుగు రాష్ట్రాల నుంచి ఉన్నత విద్య కోసం, ఉద్యోగం కోసం ఆస్ట్రేలియా వెళ్లేవారున్న ఈ కాలంలో ఆ చరిత్ర మనకు పరాయి విషయం కాదు. వీసా తిరస్కరణ లేఖ ఒక ఇంటికి వచ్చినప్పుడు ఆ ఇంటివారు అడిగే మొదటి ప్రశ్న "ఎందుకు?" అన్నదే. ఆ ప్రశ్నకు సమాధానం రాబట్టే హక్కు ఎప్పుడు, ఎలా వచ్చిందన్నదే ఈ వ్యాసానికి విషయం.

చర్చలోకి వెళ్లే ముందు రెండు పదాలను వేరుచేసి చూడాలి. పునస్సమీక్ష అంటే ట్రిబ్యునల్ సభ్యుడు అధికారి స్థానంలో తాను కూర్చొని, సాక్ష్యాలన్నీ మళ్లీ పరిశీలించి, కొత్త పత్రాలను కూడా స్వీకరించి, నిర్ణయాన్ని మళ్లీ చేయడం. న్యాయసమీక్ష అంటే నిర్ణయం చట్టప్రకారం జరిగిందా లేదా అని మాత్రమే న్యాయస్థానం చూడడం. న్యాయసమీక్షలో అర్జీదారు గెలిచినా వీసా చేతికి రాదు. వ్యవహారం మళ్లీ విచారణకు తిరిగి వెళుతుంది. ఈ భేదమే చరిత్ర పొడవునా ఫలితాలను నిర్ణయించింది.

2. కారణం అక్కరలేని కాలం: శ్రుతలేఖన పరీక్ష

ఆస్ట్రేలియా సమాఖ్య ఏర్పడిన 1901లోనే ఇమ్మిగ్రేషన్ రిస్ట్రిక్షన్ చట్టం వచ్చింది. శ్వేతేతరులను రానివ్వకూడదన్నది దాని ఉద్దేశం. కానీ ఆ మాట చట్టంలో ఎక్కడా లేదు. బ్రిటిష్ సామ్రాజ్యంలో భారతీయులు కూడా ప్రజలే కాబట్టి జాతి పేరు చెప్పి నిషేధించడం లండన్ ప్రభుత్వానికి ఇబ్బందికరం. అందువల్ల దక్షిణాఫ్రికాలోని నెటాల్ 1897లో అమలు చేసిన ఉపాయాన్ని ఆస్ట్రేలియా స్వీకరించింది. నెటాల్ చట్టం ప్రకారం, వచ్చిన వ్యక్తి ఏదైనా ఒక యూరోపియన్ భాషలో అర్జీ రాయగలగాలి. అదే సంవత్సరం లండన్‌లో జరిగిన వలస రాజ్యాల సమావేశంలో నాటి మంత్రి జోసెఫ్ చేంబర్లేన్ ఈ పద్ధతిని ఇతర వలస రాజ్యాలకు ఆదర్శంగా చూపాడు.

ఇక్కడ తెలుగువారి చరిత్రతో ఒక నిజమైన ముడి ఉంది. 1860 నుంచి మద్రాసు రేవు ద్వారా నెటాల్ చెరకు తోటలకు వెళ్లిన ఒప్పంద కూలీలలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. కూలీగా వచ్చేవారికి ఆ భాషాపరీక్ష వర్తించలేదు. సొంత ఖర్చుతో వ్యాపారానికో వృత్తికో వచ్చే భారతీయులను ఆపడానికే దానిని రూపొందించారు. చాకిరీకి రావచ్చు, సమానుడిగా రాకూడదన్నది దాని సారాంశం.

ఆస్ట్రేలియా చట్టం ఈ ఉపాయానికి మరింత పదును పెట్టింది. అధికారి చదివే 50 పదాల భాగాన్ని వచ్చిన వ్యక్తి ఒక యూరోపియన్ భాషలో రాయాలి. ఏ భాషలో అన్నది అధికారి ఇష్టం. 1905 సవరణలో, జపాన్ అభ్యంతరాలను దృష్టిలో ఉంచుకొని, 'యూరోపియన్ భాష' అన్నచోట 'నిర్దేశించిన భాష' అని మార్చారు. ఆచరణలో తేడా ఏమీ రాలేదు. 1909 తర్వాత ఈ పరీక్షలో ఉత్తీర్ణులైనవారు లేరు. ఉత్తీర్ణత సాధించడానికి పెట్టిన పరీక్ష కాదది. రాజ్యం తన అసలు కారణాన్ని దాచుకోవడానికి వేసిన తెర.

ఆ రోజుల్లో ట్రిబ్యునల్ లేదు. ఉన్న ఒకే మార్గం న్యాయస్థానం. 1908 నాటి పాటర్ వర్సెస్ మినహాన్ కేసు అందుకు నిదర్శనం. విక్టోరియాలో పుట్టి, పసితనంలో తండ్రితోపాటు చైనా వెళ్లి, పెద్దవాడై తిరిగి వచ్చిన వ్యక్తికి ఈ పరీక్ష పెట్టి, తప్పాడని నిషిద్ధ వలసదారుగా పరిగణించారు. సొంత ఇంటికి తిరిగి వచ్చినవాడు వలసదారు కాడని హైకోర్టు తీర్పు చెప్పింది. ఆస్ట్రేలియాలో హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టుకు సమానమైన అత్యున్నత న్యాయస్థానమని పాఠకులు గమనించాలి. 1934లో ఫాసిస్టు వ్యతిరేక రచయిత ఎగాన్ కిష్‌కు స్కాటిష్ గేలిక్ భాషలో పరీక్ష పెట్టారు. చట్టం ఉద్దేశించిన అర్థంలో అది యూరోపియన్ భాష కాదని హైకోర్టు తేల్చింది.

ఈ రెండు కేసులలోనూ గెలుపు చట్టంలోని ఒక పదానికి అర్థం చెప్పడం మీద ఆధారపడింది. 'వలసదారు' అంటే ఎవరు, 'యూరోపియన్ భాష' అంటే ఏది అన్న ప్రశ్నలే న్యాయస్థానం ముందుకు వచ్చాయి. ఈ మనిషిని ఎందుకు వద్దంటున్నారన్న ప్రశ్న రాలేదు, రావడానికి వీలూ లేదు. 1958 నాటి వలస చట్టం శ్రుతలేఖన పరీక్షను రద్దు చేసింది. దాని స్థానంలో మంత్రికి విస్తృతమైన విచక్షణాధికారాన్ని ఉంచింది. కారణం చెప్పవలసిన అవసరం అప్పటికీ ఏర్పడలేదు.

3. కారణం హక్కుగా మారిన దశకం: 1975–1985

1971లో కెర్ కమిటీ ఇచ్చిన నివేదిక ఆస్ట్రేలియా పరిపాలనా న్యాయంలో మలుపు. ప్రభుత్వాధికారి నిర్ణయాన్ని పౌరుడు తక్కువ ఖర్చుతో, స్వతంత్ర సంస్థ ఎదుట ప్రశ్నించగలగాలన్నది ఆ నివేదిక సారం. దాని ఫలితంగా అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రిబ్యునల్ చట్టం 1975లో వచ్చింది. 1976 జూలై 1న ట్రిబ్యునల్ పనిచేయడం ప్రారంభించింది. జెరార్డ్ బ్రెన్నన్ దాని మొదటి అధ్యక్షుడు.

నేరశిక్ష పడిన విదేశీయుల బహిష్కరణ ఉత్తర్వులు ఈ ట్రిబ్యునల్ పరిధిలోకి వచ్చాయి. 1979 నాటి డ్రేక్ కేసులో ఫెడరల్ కోర్టు ట్రిబ్యునల్ పాత్రను నిర్వచించింది. అధికారి ముందున్న సమాచారం ఆధారంగా అతని నిర్ణయం సబబేనా అని చూసి ఊరుకోవడం చాలదని, ట్రిబ్యునల్ తన ముందున్న సమాచారం ఆధారంగా సరైన లేదా మెరుగైన నిర్ణయం ఏదో తానే తేల్చాలని చెప్పింది. ప్రభుత్వ విధానాన్ని కూడా గుడ్డిగా అనుసరించకూడదని హెచ్చరించింది. అయితే ఆ కాలంలో బహిష్కరణ వ్యవహారాల్లో ట్రిబ్యునల్ మంత్రి ఉత్తర్వును సమర్థించడమో, సిఫారసుతో తిరిగి పంపడమో మాత్రమే చేయగలిగేది. అంతిమ నిర్ణయం మంత్రిదే.

సాధారణ వలసదారు పరిస్థితి మాత్రం మారలేదు. 1977 నాటి సలేమి కేసులో, గడువు మీరి దేశంలో ఉన్న వ్యక్తిని బహిష్కరించే ముందు అతని వాదన వినాలా అన్న ప్రశ్నపై హైకోర్టు న్యాయమూర్తులు సమానంగా చీలిపోయారు. ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయమే నెగ్గింది. వినవలసిన అవసరం లేదని తేలింది.

ఎనిమిదేళ్ల తర్వాత ఇదే న్యాయస్థానం వేరే మాట చెప్పింది. టోంగా దేశం నుంచి తాత్కాలిక అనుమతిపై వచ్చి, గడువు మీరి ఉండిపోయిన కుటుంబానికి సంబంధించిన కియోవా వర్సెస్ వెస్ట్ కేసులో 1985లో తీర్పు వెలువడింది. వలస నిబంధనలను తప్పించుకునేవారితో కుటుంబ పెద్దకు సంబంధాలున్నాయన్న వ్యాఖ్య శాఖ దస్త్రంలో ఉంది. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. సమాధానం చెప్పుకొనే అవకాశం ఇవ్వలేదు. ఇది సహజ న్యాయసూత్రాలకు విరుద్ధమని హైకోర్టు బహిష్కరణ ఉత్తర్వును కొట్టివేసింది.

1977కీ 1985కీ మధ్య ఏం మారింది? వ్యక్తుల మనసులు మారాయని మాత్రమే చెబితే చరిత్ర పూర్తి కాదు. ఆ మధ్యలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. 1977లో ఆమోదించి 1980లో అమలు చేసిన న్యాయసమీక్ష చట్టం 13వ సెక్షన్ ప్రకారం, నిర్ణయం వల్ల నష్టపోయిన వ్యక్తి అడిగితే అధికారి కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ బాధ్యత ఏర్పడిన తర్వాత పాత తీర్పులకు పునాది లేకుండా పోయిందని న్యాయమూర్తి మేసన్ కియోవా తీర్పులో వివరించాడు. కారణం చెప్పక తప్పనప్పుడు, ఆ కారణానికి సమాధానం వినక కూడా తప్పదు. దస్త్రం తెరుచుకున్న తర్వాతనే విచారణ హక్కు పుట్టింది.

4. ట్రిబ్యునళ్ల నిర్మాణం, గోడల నిర్మాణం: 1989–2003

న్యాయస్థానాలు విస్తరించిన హక్కులకు ప్రభుత్వం స్పందించిన తీరు ద్విముఖమైనది. 1989 సవరణలు మంత్రి విచక్షణను కుదించి, వీసా అర్హతలను నిబంధనల రూపంలో స్థిరపరిచాయి. శాఖలోపలి పునస్సమీక్షకు ఒక కార్యాలయం, దానిపైన స్వతంత్రమైన ఇమ్మిగ్రేషన్ రివ్యూ ట్రిబ్యునల్ ఏర్పడ్డాయి. 1993లో శరణార్థుల కోసం రెఫ్యూజీ రివ్యూ ట్రిబ్యునల్ వచ్చింది. 1999 జూన్ 1న మైగ్రేషన్ రివ్యూ ట్రిబ్యునల్ మొదటి రెండు అంచెలను కలిపి వాటి స్థానాన్ని ఆక్రమించింది. ఇది నాణేనికి ఒక వైపు.

రెండో వైపు, 1994 నుంచి వలస వ్యవహారాల్లో ఫెడరల్ కోర్టు ఏ కారణాలపై జోక్యం చేసుకోవచ్చో చట్టం పరిమితం చేసింది. 2001లో అమల్లోకి వచ్చిన 474వ సెక్షన్ మరింత ముందుకు వెళ్లి, వలస నిర్ణయాలు అంతిమమని, వాటిని ఏ న్యాయస్థానంలోనూ ప్రశ్నించరాదని ప్రకటించింది. 2002లో మరో సవరణ, ట్రిబ్యునల్ పాటించవలసిన విచారణ పద్ధతులు చట్టంలో రాసినంత వరకేనని హద్దు గీసింది.

2003 ఫిబ్రవరి 4న ప్లెయింటిఫ్ ఎస్157 కేసులో హైకోర్టు 474వ సెక్షన్‌ను కొట్టివేయలేదు. దాని అర్థాన్ని కుదించింది. అధికార పరిధిని అతిక్రమించి చేసిన నిర్ణయం చట్టం దృష్టిలో నిర్ణయమే కాదు కాబట్టి, ఆ సెక్షన్ దానికి రక్షణ ఇవ్వలేదని తేల్చింది. రాజ్యాంగం తనకిచ్చిన పర్యవేక్షణాధికారాన్ని పార్లమెంటు తొలగించలేదన్నది దీని వెనకున్న సూత్రం.

'నిర్ణయమే కాని నిర్ణయం' అన్న ఈ భావన అంతకు ముందటి సంవత్సరం ఒక విద్యార్థి కేసులో మానవీయమైన రూపంలో కనిపించింది. భరద్వాజ్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యవహారంలో, విద్యార్థి వీసా రద్దుపై ట్రిబ్యునల్ విచారణకు ముందురోజు సాయంత్రం, అనారోగ్యం వల్ల వాయిదా కోరుతూ అర్జీదారు తరఫున లేఖ వెళ్లింది. ఆ లేఖ సభ్యుడి దృష్టికి రాలేదు. రద్దును సమర్థిస్తూ నిర్ణయం వెలువడింది. పొరపాటు తెలిసిన తర్వాత ట్రిబ్యునల్ మళ్లీ విచారించి అతనికి అనుకూలంగా తీర్పు చెప్పింది. ఒకసారి నిర్ణయించాక మళ్లీ నిర్ణయించే అధికారం ట్రిబ్యునల్‌కు లేదని మంత్రి వాదించాడు. వినకుండా చేసిన మొదటి నిర్ణయం చట్టప్రకారం నిర్ణయమే కాదని 2002లో హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. చదవని ఒక లేఖ వల్ల ఒక చదువు ఆగిపోకుండా నిలిచింది.

5. మంత్రి స్వయంగా నిర్ణయించినప్పుడు

ట్రిబ్యునల్‌కు ఎంత అధికారమున్నా, మంత్రి తానే స్వయంగా నిర్ణయం తీసుకుంటే దాని తలుపు మూసుకుపోయే సందర్భాలున్నాయి. 2007 జూలైలో క్వీన్స్‌ల్యాండ్‌లో పనిచేస్తున్న బెంగళూరు వైద్యుడు మొహమ్మద్ హనీఫ్‌ను ఉగ్రవాద ఆరోపణపై అరెస్టు చేశారు. న్యాయస్థానం బెయిలు ఇచ్చిన రోజునే మంత్రి కెవిన్ ఆండ్రూస్ సౌశీల్యం కారణంగా అతని వీసా రద్దు చేశాడు. అదే నెల 27న అభియోగాన్ని ఉపసంహరించుకున్నారు. ఆగస్టులో ఫెడరల్ కోర్టు వీసా రద్దును కొట్టివేసింది. నేరప్రవృత్తిలో ఏ భాగస్వామ్యమూ లేని బంధుత్వాన్ని 'సంబంధం'గా చూడడం చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకోవడమేనని న్యాయమూర్తి స్పెండర్ తేల్చాడు. డిసెంబరులో పూర్తి ధర్మాసనం కూడా దానినే సమర్థించింది.

2022 జనవరిలో టెన్నిస్ క్రీడాకారుడు నొవాక్ జొకోవిచ్ వ్యవహారం ఈ వ్యవస్థలోని రెండు ముఖాలనూ పది రోజుల్లో చూపింది. సమాధానం చెప్పుకోవడానికి ఉదయం ఎనిమిదిన్నర వరకు సమయమిస్తామన్న అధికారి అంతకు ముందే వీసా రద్దు చేశాడు. అది సహేతుకం కాదని ప్రభుత్వమే ఒప్పుకోవడంతో న్యాయస్థానం జనవరి 10న రద్దును కొట్టివేసింది. 14న మంత్రి అలెక్స్ హాక్ తన వ్యక్తిగత అధికారంతో మళ్లీ రద్దు చేశాడు. ఆ అధికారానికి సహజ న్యాయసూత్రాలు వర్తించవని చట్టమే చెబుతోంది. 16న ఫెడరల్ కోర్టు పూర్తి ధర్మాసనం అతని పిటిషన్‌ను కొట్టివేసింది. మంత్రి అభిప్రాయం మంచిదా కాదా అన్నది తాను చూడవలసిన విషయం కాదని, అది చట్టబద్ధమా కాదా అన్నదే ప్రశ్న అని ధర్మాసనం స్పష్టం చేసింది. ధనమూ కీర్తీ ఉన్నవారికైనా న్యాయసమీక్ష హద్దు అక్కడితో ఆగుతుంది.

6. నేటి ట్రిబ్యునల్, తెలుగు విద్యార్థి

2015 జూలై 1న వలస, శరణార్థి ట్రిబ్యునళ్లు అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రిబ్యునల్‌లో విలీనమయ్యాయి. సభ్యుల నియామకాల్లో రాజకీయ సంబంధాలు, కేసుల జాప్యం విమర్శలకు గురికావడంతో ఆ సంస్థను రద్దు చేస్తామని 2022 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. 2024 అక్టోబరు 14న అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ దాని స్థానంలోకి వచ్చింది.

మన ప్రాంతపు అర్జీదారులకు సంబంధించి ఇందులో మూడు అంశాలు ముఖ్యమైనవి.

మొదటిది స్థలం. ఆస్ట్రేలియాలో ఉండి విద్యార్థి వీసాకు అర్జీ పెట్టి తిరస్కరణ పొందిన వ్యక్తి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి అదే వీసాకు తిరస్కరణ పొందిన విద్యార్థికి ఆ మార్గం లేదు. మళ్లీ అర్జీ పెట్టుకోవడమే అతనికి మిగిలిన ఆచరణీయమైన దారి. బిడ్డను చూడడానికి వెళ్లదలచిన తల్లిదండ్రులకు సందర్శక వీసా నిరాకరించినప్పుడు, ఆ బిడ్డ అక్కడి పౌరుడో శాశ్వత నివాసో అయితే, నిర్ణీత షరతులకు లోబడి అప్పీలు హక్కు తల్లిదండ్రులకు కాక ఆ బిడ్డకు ఉంటుంది.

రెండోది కాలం. వీసా వ్యవహారాల్లో గడువు ఇప్పుడు సాధారణంగా 28 రోజులు. నిర్బంధంలో ఉన్నవారికి 7 రోజులు. సౌశీల్యం కారణంగా దేశంలోపల వెలువడిన నిర్ణయాలకు 9 రోజులు. న్యాయస్థానానికి వెళ్లే 35 రోజుల గడువును న్యాయమూర్తి పొడిగించగలడు. ట్రిబ్యునల్ గడువును ట్రిబ్యునలే పొడిగించలేదు. పైగా ఈమెయిల్‌లో పంపిన తిరస్కరణ లేఖ ఆ రోజు ముగిసేసరికే అందినట్టు చట్టం భావిస్తుంది. లేఖను అర్జీదారు నియమించుకున్న ఏజెంటుకు పంపినా అర్జీదారుకు అందినట్టే లెక్క. ఏజెంటు ఈమెయిల్ తెరవని రోజులు కూడా విద్యార్థి ఖాతాలోనే ఖర్చవుతాయి.

మూడోది కారణం. 2011 నవంబరు నుంచి 2024 మార్చి వరకు విద్యార్థి వీసాకు, తాత్కాలికంగా మాత్రమే ఉండాలన్న నిజమైన ఉద్దేశం ఉండాలన్న షరతు అమల్లో ఉండేది. తర్వాత దాని స్థానంలో నిజమైన విద్యార్థి అన్న షరతు వచ్చింది. రెండూ మనిషి మనసులోని ఉద్దేశాన్ని బయటి ఆధారాలతో కొలిచేవే. స్వదేశంలోని ఆస్తి, కుటుంబ బంధాలు, గత చదువుకూ కొత్త చదువుకూ ఉన్న పొందిక వంటివి ఆ కొలతలు. ఉద్దేశాన్ని కొలిచే అధికారం విచక్షణకు తావిస్తుందన్నది నిజం. అయితే శ్రుతలేఖన పరీక్షకూ దీనికీ ఒక మౌలికమైన తేడా ఉంది. ఇక్కడ అధికారి తన అనుమానాన్ని వాక్యాలలో రాసి తీరాలి. రాసిన వాక్యాన్ని ఖండించవచ్చు. కొత్త పత్రంతో పూరించవచ్చు. 2013 నాటి లీ కేసులో, వృత్తి నైపుణ్య ధ్రువీకరణ తప్పుల పునఃపరిశీలన ముగిసేవరకు ఆగమని కోరిన అర్జీదారుకు ట్రిబ్యునల్ సమయం ఇవ్వకపోవడం సహేతుకం కాదని హైకోర్టు తేల్చింది. ట్రిబ్యునల్ తన నిరాకరణకు రాసిన కారణాలు ఆ నిరాకరణను మోయగలిగినంత బలమైనవి కావన్నది ఆ తీర్పులోని కీలకం.

7. ఉపసంహారం

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలకు రావచ్చు.

1. ఆస్ట్రేలియాలో వీసా అప్పీలు హక్కు ఒక్క చట్టంతో వచ్చింది కాదు. 1980లో అమల్లోకి వచ్చిన కారణాల బాధ్యత, 1985 నాటి విచారణ హక్కు, 1989 నాటి ట్రిబ్యునల్ వరుసగా ఒకదానిపై ఒకటి నిలిచాయి.

2. ప్రతి విస్తరణకూ ప్రతిస్పందనగా న్యాయస్థానాల పరిధిని తగ్గించడం, మంత్రి వ్యక్తిగత అధికారాన్ని పెంచడం, గడువులను కఠినం చేయడం జరిగాయి. నేడు అర్జీదారు హక్కును ఎక్కువగా హరించేది చట్టంలోని నిషేధం కన్నా తేదీ దాటిపోవడం.

3. తిరస్కరణ లేఖ కేవలం చేదువార్త కాదు. అది చట్టం బలవంతం మీద అధికారి రాసిన సంజాయిషీ. అప్పీలు మొత్తం ఆ పాఠాన్ని చదవడంతోనే మొదలవుతుంది. ఏ అర్హత లేదన్నాడు, ఏ ఆధారాన్ని నమ్మలేదు, ఏ పత్రాన్ని ప్రస్తావించకుండా వదిలేశాడు అని వాక్యం వాక్యంగా చూడడం భాషాసాహిత్యాల అధ్యయనం నేర్పే నైపుణ్యమే. విదేశీ విద్యకు వెళ్లే విద్యార్థులకు ఈ పఠనపద్ధతిని పరిచయం చేయడం కళాశాలల భాషాశాఖలకు అసాధ్యమైన పని కాదు.

4. భాష విషయంలో జరిగిన మార్పు తెలుగు పరిశోధకులు ప్రత్యేకంగా గమనించదగినది. ఒకప్పుడు అధికారి, వచ్చిన మనిషికి రాని భాషను వెతికి మరీ ఎంచుకునేవాడు. నేడు ట్రిబ్యునల్ విచారణలో ఆంగ్లం చాలని అర్జీదారు కోరితే తన ఖర్చుతో అనువాదకుణ్ణి ఏర్పాటు చేయవలసింది ట్రిబ్యునలే. తెలుగు మాట్లాడే అర్జీదారు తన గోడును తెలుగులో చెప్పుకోవచ్చు. ఆ గోడు ఆంగ్లంలోకి ఎంత నిండుగా వెళుతోంది, వలస చట్టపు పారిభాషిక పదాలకు తెలుగులో స్థిరమైన సమానార్థకాలు ఉన్నాయా అన్న ప్రశ్నలపై పరిశోధన జరగవలసి ఉంది. ఆ పని చేయవలసింది మనమే.